అమ్మకు పడని పెరుగు

మా అమ్మకు పెరుగు పడదు. ఈ మాట మా ఇంట్లో ఎంత ఖాయమైపోయిందంటే, పెళ్ళి పంక్తిలో కూర్చున్నప్పుడు కూడా వడ్డించేవాళ్ళకు ఆమెకంటే ముందు మేమే చెప్పేవాళ్ళం. నాయన ఆమె ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "ఆమెకు వద్దులే, పడదు" అనేవాడు. ఎందుకు పడదని ఎవరైనా అడిగితే జలుబు చేస్తుందని ఆయన చెప్పేవాడు. కడుపుకు ఆగదని నేననుకునేవాణ్ణి. ఆ మాట అమ్మనే అడగాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఆమె రసంతోనే అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని, మాకు పెరుగు వడ్డించడానికి లేచేది.

తమాషా ఏమిటంటే, కడంబత్తూరు చుట్టుపక్కల మా ఇంటి పెరుగుకు పేరు. మాకు రెండు గేదెలుండేవి. వాటిని అమ్మ తప్ప ఎవరు పితికినా పాలు చేపేవి కావు. నాయన ఒకసారి అమ్మ చీర కప్పుకుని కూర్చుని మోసం చేయబోతే, పెద్దది ఆయన్ని వాసన చూసి చెంబుతో సహా తన్నింది. అమ్మ తోడు పెట్టిన పెరుగు కత్తితో కోస్తే ముక్కలుగా వచ్చేది. పులుపు ఎంత పట్టిందో ఆమె వాసనతోనే చెప్పేసేది, నాలిక మీద వేసుకునేది కాదు. మా ఇంట్లో నీచు వండరు కాబట్టి మాకు భోజనంలో బలమైనది ఏదైనా ఉందంటే ఆ పెరుగే. నేను దాన్ని గిన్నెల లెక్కన తిని పెరిగాను. అమ్మ కడుం కాఫీ తాగేది, పాలు లేకుండా. అది ఆమెకు ఇష్టమనుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే, తండ్రీకొడుకులిద్దరం అంత మొద్దులం ఎలా అయ్యామా అని నాకు కోపం వస్తుంది.

డెబ్బైల చివర్లో నాకు తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. పొద్దున బండికి పోయి సాయంత్రం బండికి వచ్చేవాణ్ణి. క్యారియర్‌లో రోజూ పెరుగన్నమే. ఆ ఏడాదే అమ్మకు రాత్రిపూట చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కడం మొదలైంది. ముందు వేళ్ళ కొనలు, తర్వాత అరచేతులు, తర్వాత పాదాలు. పడుకున్న కాసేపటికే లేచి కూర్చుని చేతులు దులుపుకునేదట. నాకు తెలియదు. నాది మొద్దునిద్ర. నాయన ఒక పొద్దున కాఫీ దగ్గర అడిగితే విన్నాను.

"ఏందిమే, రేయంతా చేతులు దులపతానే ఉండావు?"

"ఏమీ లే. మరత్తుపోతా ఉండాయి. చీమలు పాకినట్ల ఉంటాది, ఆమీట అస్సలు తెలిసేదే లే. తెల్లారితే సరిపోతాది."

తెల్లారితే సరిపోయేది, మొదట్లో. కొన్ని నెలలకు పగలు కూడా పూర్తిగా సరిపోవడం మానేసింది. పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి, ఇది పిడుదు విషం అని తేల్చింది. అమ్మ గేదెల చెవుల్లోంచి, పొదుగు దగ్గర్నుంచి పిడుదులు ఏరి కిరసనాయిలు డబ్బాలో వేసేది. అట్లా ఏరేటప్పుడు ఏదో ఒకటి కరిచి ఉంటుందనీ, ఆ విషమే నరాల్లోకి పాకిందనీ పెద్దమ్మ లెక్క. వేపనూనెలో పసుపు కలిపి రాయించింది. నెల రోజులు మా ఇల్లంతా వేపనూనె కంపు. నా ఆఫీసు చొక్కాలకు కూడా పట్టుకుంది. తిమ్మిరి మాత్రం అట్లాగే ఉంది.

అమ్మ దాన్ని అంత దాచడానికి వేరే కారణం ఉంది. ఆ రోజుల్లో మా వైపు చేతికి స్పర్శ తెలియడం లేదంటే అందరికీ ముందు గుర్తొచ్చేది పెద్దరోగమే. కుష్టు అనే మాట నోటితో పలకడానికి కూడా జనం భయపడేవాళ్ళు. అమ్మ పగలు పశువుల కొట్టం వెనక ఎండలో నిలబడి, చేతులు మోచేతిదాకా తిప్పి తిప్పి చూసుకోవడం నేను రెండు మూడు సార్లు చూశాను. ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాను. మచ్చలు వెతుక్కుంటోందని నాకెలా తెలుస్తుంది.

ఒక ఆదివారం ఆమె పొయ్యి మీది నుంచి అన్నం గిన్నె దించింది. గుడ్డ జారిపోయి వేళ్ళు నేరుగా గిన్నె అంచుకు తగిలాయి. ఆమె అట్లాగే పట్టుకుని నాతో మాట్లాడుతూ నాలుగడుగులు నడిచి వచ్చింది. నేనే అరిచాను. గిన్నె కింద పెట్టి వేళ్ళు చూసుకుంటే అప్పటికే బొబ్బలు లేచాయి. అప్పుడు నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని, మమ్మల్నేమనుకున్నావని, ఏవేవో అన్నాను. భయపడినప్పుడు తిట్టడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న రోగం. ఆమె తలవంచుకుని వేళ్ళు నీళ్ళలో పెట్టుకుంది.

మర్నాడు నాతో పాటు బండెక్కించి తిరువళ్ళూరుకు తీసుకుపోయాను. స్టేషనుకు దగ్గర్లో ఒక డాక్టరమ్మ ఉండేది. ఆమె అరవంలో అడుగుతుంది, అమ్మ తెలుగులో జవాబు చెబుతుంది, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. డాక్టరమ్మ అమ్మను కళ్ళు మూసుకోమని, దూదితో ఒకచోట, గుండుసూదితో ఒకచోట ముట్టి, ఎక్కడ తగిలిందో చెప్పమంది. అమ్మ సగం తప్పు చెప్పింది. తర్వాత ఆమె అమ్మ చేతులు, వీపు, చెవి తమ్మెలు అన్నీ వెలుతురులో చూసి, మోచేతి దగ్గర నరాలు వేళ్ళతో తడిమి, "నువ్వు భయపడే జబ్బు ఇది కాదు" అంది. అమ్మ తన భయం ఏమిటో ఆమెకు చెప్పనేలేదు. ఆ మాట వినగానే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. నాకు అప్పుడు గానీ ఆ ఎండలో చేతులు చూసుకోవడం అర్థం కాలేదు.

నరాలకు సత్తువ లేదని చెప్పి డాక్టరమ్మ ఒక నెలకు విటమిన్ మాత్రలు రాసింది. పూటకొకటి, రోజుకు రెండు. సీసా మూత తీస్తే ముక్కు పుటాలు అదిరేంత వాసన. అమ్మ దాన్ని చీర మడతల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చి, దేవుడి పటాల పక్కన పెట్టింది. వాటికి మా ఇంట్లో సత్తు మాత్తరలని పేరు పడింది.

నెల తిరిగేసరికి సీసా ఖాళీ. తిమ్మిరి ఎక్కడిదక్కడే. అదే సమయంలో ఇంకో విచిత్రం జరిగింది. నాయన ఉన్నట్టుండి మజ్జిగలో ఏదో పసరు కలుపుకుని తాగడం మొదలుపెట్టాడు. అడిగితే కసిరాడు. ఎండలో పనికి పోవడం మానేసి అరుగు మీద కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. మూడో రోజు నన్ను చాటుకు పిలిచాడు.

"ఒరే, నాకు కామెర్లు వచ్చినట్లుండాది. ఒంటికి పోతే పసుపు నీళ్ళు పోసినట్ల వస్తా ఉండాది. మీ అమ్మకు చెప్పబాక. ఆమె కష్టం ఆమెకే చాలు."

నాకూ అదే రంగు. నేను కూడా ఎవరికీ చెప్పకుండా నాలుగు రోజులుగా అద్దంలో కళ్ళు చూసుకుంటున్నాను. ఇద్దరం కాసేపు ఒకరి ముఖం ఒకరం చూసుకుని, ఒక ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి కామెర్లు ఎట్లా వస్తాయని ఆలోచనలో పడ్డాం. ఇద్దరం కలిసే వంటింట్లోకి పోయాం. అమ్మ రోట్లో ఏదో నూరుతోంది. ఎక్కడున్నా పట్టిచ్చే సత్తు మాత్తరల వాసన.

"అది యాడిదిమే?" అన్నాడు నాయన.

ఆమె ఏమీ దాచలేదు. తప్పు చేశాననే అనుకోలేదు కాబట్టి దాచాల్సిన పని కూడా ఆమెకు కనిపించలేదు. సత్తు మాత్తర సగం చేసి నాయన రసంలో, నా పులుసులో కలుపుతోంది. పెద్ద గేదె ఈని చిక్కిపోయిందని దాని కుడితిలో ఒకటి. మిగిలింది ఏదైనా ఉంటే తను. మా ఇద్దరి పసుపు కామెర్లది కాదు, ఆ మాత్తరలది. రెండో నెలకు నన్ను అడగకుండానే పక్కింటి పెద్దమ్మ చేత కొత్త సీసా కూడా తెప్పించింది.

"సత్తు అంటిరి కదా. ఎండలో చచ్చేది ఆయప్ప. బండ్లో నిలబడుకోని పొయ్యేది నువ్వు. ఇంట్లో కూర్చుని నేనొక్కదాన్నే తింటే ఆ సత్తు నాకు ఒంటబట్తాదా?"

మా ఇంట్లో ఒక మామిడిపండు కోసినా, గుప్పెడు శనగలు వేయించినా అందరి చేతుల్లో తలా ఇన్ని పడాల్సిందే. ఒక్కరే తినేది ఏదీ ఆమె జీవితంలో లేదు. మందు సంగతి వేరే అని ఆమెకు చెప్పినవాళ్ళు కూడా లేరు. నాయన మూడు రోజులు పసరు తాగిన కోపంలో ఏదో అనబోయి, అంతలోనే నవ్వాడు. ఆ నవ్వు ఆపుకోలేక గడప మీద కూలబడ్డాడు. గేదె పరిస్థితి ఏమిటని నేనడిగితే, అది ఒంటికి పోస్తే ఏ రంగో ఎవరు చూశారని అమ్మ అంది. నేనూ నవ్వాను. కానీ లోపల ఆమె మీద చచ్చేంత ప్రేమ, దానితోబాటే విపరీతమైన విసుగు. ఇవి రెండూ నాకు ఆమె విషయంలో ఎప్పుడూ కలిసే వచ్చేవి.

మళ్ళీ తిరువళ్ళూరు పోతే, ఆ కథ విని డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, అమ్మ పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం తింటుందో చెప్పమంది. అమ్మ చెప్పింది. సంగటి, పులుసు, అన్నం, రసం, కడుం కాఫీ. గుడ్డు? లేదు, ఇంట్లో ముట్టరు. పాలు? లేదు. పెరుగు, మజ్జిగ? ఆమెకు పడదండీ అని నేనే అందుకున్నాను. డాక్టరమ్మ నావైపు చూడకుండా అమ్మనే అడిగింది, తింటే ఏమవుతుందని.

అమ్మ నాతో, "నువ్వు బయట ఉండు నాయనా" అంది.

బయట అంటే ఒక గుడ్డ తెర అవతల బెంచీ. అన్నీ వినిపించాయి. నాకు ఏడేళ్ళప్పుడు విషజ్వరం వచ్చింది. నాకు అందులో నోటి చేదు తప్ప ఏమీ జ్ఞాపకం లేదు. ఆ జ్వరం ఇరవై రోజులు దాటి, ఇక కష్టమని వైద్యుడు చెప్పిన రోజున అమ్మ తిరుత్తణి స్వామి కొండవైపు తిరిగి మొక్కుకుందట. వీడు బతికితే, వీడు బతికి ఉన్నంత కాలం నేను పాలు పెరుగు ముట్టనని.

"అదే ఎందుకు?" అని డాక్టరమ్మ అడిగింది.

"నాకు రొంబ ఇష్టమైంది అదొకటే కదమ్మా. పుట్టింట్లో కుండలో చెయ్యి పెట్టి తింటా ఉంటినని మాయమ్మ కొట్టేది. వేరేది ఏముండాది నా దగ్గర, ఇచ్చేదానికి?"

నేను బెంచీ మీద కూర్చుని ఆ పొద్దున తిన్న పెరుగన్నం తలుచుకున్నాను. పద్నాలుగేళ్ళు ఆమె చేతి పెరుగు తిని, మూతి తుడుచుకుని, ఆమెకు పడదని ఊరంతా చెప్పినవాణ్ణి నేను. నాకు సిగ్గేసింది. అంత సిగ్గు మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

నీచు, గుడ్డు, పాలు ఏవీ లేకుండా ఏళ్ళ తరబడి ఉంటే నరాలకు కావలసిన ఒక విటమిన్ ఒంట్లో పూర్తిగా అయిపోతుందనీ, ఆ మాత్రల్లో అది అంతంత మాత్రమే ఉంటుందనీ డాక్టరమ్మ నాకు వివరించింది. సూదిమందుతో మొదలుపెడదామంది. ఆలస్యమైతే పోయిన స్పర్శ కొంత తిరిగి రాకపోవచ్చనీ, ఎల్లకాలం సూదులు పొడుచుకుంటూ ఉండటం కుదరదు, తిండి మార్చాల్సిందేననీ గట్టిగా చెప్పింది. ఎర్రగా మెరుస్తున్న ఆ మందును సిరంజిలోకి ఎక్కిస్తుంటే అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"దాంట్లో పాలు కలిపి ఉండారా?"

కలపలేదని ఒట్టు పెట్టిన తర్వాతే చెయ్యి చాపింది.

ఆమె చేతులు మామూలు కావడానికి దాదాపు ఏడాది పట్టింది. ఎడమకాలి వేళ్ళు చివరిదాకా కొంచెం మొద్దుగానే ఉండిపోయాయి. అది ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు ముఖ్యమైనది అది కాదు. ఆ మొదటి వారాల్లో రోజు మార్చి రోజు ఆమె నాతో బండెక్కి సూదికి వచ్చేది. మళ్ళీ ఒక్కతే తిరుగు బండిలో ఇంటికి. ఆ ప్రయాణం ఆమెకు ఎంత నచ్చిందంటే, కిటికీ పక్కన కూర్చోవడానికి నన్ను పక్కకు నెట్టేది. సూదికి ఒప్పుకుంది. సత్తు మాత్రలు ఎవరికీ పంచకుండా మింగడానికి కూడా ఒప్పుకుంది, నా ఎదురుగా. పాల మాటెత్తితే మాత్రం ముఖం తిప్పుకునేది.

నేను వాదించాను. చదువుకున్నవాణ్ణి కదా, పెద్ద పెద్ద మాటలన్నీ వాడాను. ఆమె ఒక్కటే అనేది.

"నా చేతులు పోతే పోనీ. నేను మాట తప్పినాక నీకేమన్నా అయితే ఎవరిని అడిగేది?"

మాటలు పనిచేయనప్పుడు నేను చేసే పనే చేశాను, మొండికేశాను. నువ్వు తినేదాకా నేనూ ముట్టనని క్యారియర్‌లోంచి పెరుగన్నం తీసేశాను. మొదటి రోజు ఆమె నవ్వింది. రెండో రోజు బతిమాలింది. వారం తిరిగేసరికి వీడు చిక్కిపోతున్నాడని నాయన దగ్గర మొత్తుకుంది. నిజానికి నేను చిక్కలేదు, ఆఫీసు పక్కన హోటల్లో రెండు ఇడ్లీలు ఎక్కువే తింటున్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పకపోవడం నా జీవితంలో నేను చేసిన తెలివైన పనుల్లో ఒకటి.

తగువు తీర్చింది నాయన. "మీ ఇద్దరి మాట తెగేది కాదు. మొక్కింది ఎవరికి? ఆయనతోనే తేల్చుకోండి, పోదాం పాండి" అన్నాడు. మరుసటి ఆదివారం ముగ్గురం అరక్కోణంలో బండి మారి తిరుత్తణి చేరాం. పండగ కాదు, కృత్తిక కాదు, కొండ మీద జనం పలచగా ఉన్నారు. అమ్మకు పాదాలు సరిగ్గా తెలియడం లేదు కాబట్టి ప్రతి మెట్టునూ చూసి చూసి అడుగు వేసింది. నాయన ఒక పక్క, నేనొక పక్క. రెక్క పట్టుకోబోతే విదిలించింది.

సన్నిధిలో నన్ను ముందుకు నెట్టి తను నా వెనక నిలబడింది. హారతి అయిపోయింది, వెనకవాళ్ళు జరగమంటున్నారు, ఆమె జరగలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. బయటికి వచ్చాక ఏం చెప్పావని అడిగాను.

"ఏముండాది చెప్పేది. ఇదిగో వీడు, కండ్లారా చూసుకో అంటిని. ఇన్నాళ్ళు నేను కాపలా ఉంటిని, ఈపొద్దుతో నాది అయిపాయ, ఇంక నీదే అంటిని."

మెట్ల పక్కన నీడలో కూర్చున్నాం. నాయన సంచిలోంచి క్యారియర్ తీసి, మూత తెరిచి, ఆమె ముందు పెట్టాడు. అందులో ఉన్నది రాత్రి ఆమే తోడు పెట్టిన పెరుగుతో, తెల్లవారి ఆయన తన చేత్తో కలిపిన అన్నం. ఆయన వంటగదిలో చెయ్యి పెట్టింది నేనెరిగి అదొక్కసారే. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత ఒక ముద్ద తీసుకుంది. వేళ్ళకు పట్టు సరిగ్గా అందక సగం జారిపోయింది. మిగిలిన సగం నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా నమిలి మింగింది.

"ఉప్పు చాలలే" అంది.

నాయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నేను కూడా నవ్వబోయాను. అంతలో ఆమె గబుక్కున నావైపు తిరిగింది. ముఖంలో భయం. ఎడమచేతిని నా నుదుటి మీద ఆనించింది. తిప్పి చేతి వెనకవైపు ఆనించింది. మళ్ళీ అరచెయ్యి పెట్టింది. వేడిగా ఉన్నదీ చల్లగా ఉన్నదీ ఆ చేతికి తెలియడం లేదు. రెండు చేతులతో నా తల కిందికి వంచి, తన చెంపను నా నుదుటికి గట్టిగా అదిమి పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. మెట్లెక్కుతున్నవాళ్ళు చూస్తున్నారు. ఇరవై ఒక్కేళ్ళవాణ్ణి, ఉద్యోగస్తుణ్ణి, నేను కదల్లేదు.

"ఏమీ లే" అంది చివరికి. "చల్లగానే ఉండావు."

అప్పుడు రెండో ముద్ద తీసుకుంది.